పిల్లికూనకు పాలు పోయవచ్చునా?

పిల్లలూ!

ఈ నెల వచ్చిన మీ ఉత్తరాలలో ఒకటి నన్ను చాలాసేపు ఆలోచనలో పడవేసింది. దాన్ని వనపర్తి దగ్గరి ఒక పల్లెనుంచి ఆరో తరగతి చదివే అమ్మాయి రాసింది. పేరు వేయవద్దని కోరింది కనక, ఆమెను మనమంతా చెల్లాయి అందాము.

చెల్లాయివాళ్ళ ఇంటి వెనక పల్లికాయ మూటలు పేర్చిన కొట్టుగది ఉంది. ఎండాకాలం మొదట్లో ఆ మూటల సందున ఒక పిల్లి మూడు కూనలను పెట్టింది. వాటికి కళ్ళు తెరిపిడి పడ్డాయో లేదో, ఒకనాటి సాయంత్రం తల్లి కనిపించలేదు. కూనలు ఒకటే అరుపు. చెల్లాయి జాలిపడి వాటిని బుట్టలో వేసుకుని ఇంట్లోకి తెచ్చింది. గిన్నెలో చిక్కటి బర్రెపాలు పోసింది. అవి తాగకపోతే చెంచాతో పట్టింది. మర్నాటికల్లా మూడింటికీ పారుడు పట్టుకుంది. అవ్వ వామునీళ్ళు పట్టమన్నది. పక్కింటివారు జ్వరం మాత్ర అరగదీసి పట్టమన్నారు. నాయన అదీ వద్దన్నాడు, ఇదీ వద్దన్నాడు.

రాత్రివేళ తల్లిపిల్లి ఇంటి చుట్టూ అరుస్తూ తిరగటం వినిపించింది. మూడోనాడు తెల్లవారేసరికి కూనల్లో చిన్నది చచ్చిపోయి ఉంది. నాయన మిగిలిన రెండింటినీ మళ్ళీ కొట్టుగదిలో పెట్టాడు. తల్లి వచ్చి వాటిని ఒక్కొక్కటిగా నోట కరుచుకుని తీసుకుపోయింది. అవి ఇప్పుడు ఎదురింటి గోడమీద ఆడుకుంటున్నాయట.

ఉత్తరం చివర చెల్లాయి ఒక ప్రశ్న అడిగింది: "నేను పాలు పోసినందుకే అది చచ్చిపోయిందా? నేనే చంపానా?"

దీనికి జవాబు తప్పకుండా చెపుతాను. కాని ముందు పిల్లి పొట్ట సంగతి తెలుసుకుంటేగాని ఆ జవాబు అర్థం కాదు.

పాలగిన్నె

పిల్లి అనగానే మనకు పాలు గుర్తుకు వస్తాయి. కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లి సామెతలోనే ఉంది. తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ మీరంతా వినే ఉంటారు. ఎలుకల బాధ పోవటానికి రాయలవారు ఇంటికొక పిల్లినీ, దాని పాలకోసం ఒక ఆవునూ ఇప్పించారట. అందరి పిల్లులూ బాగా బలిశాయి. రామకృష్ణుడు మాత్రం మొదటిరోజునే సలసల కాగే పాలు పెట్టాడు. మూతి కాలిన పిల్లి మళ్ళీ పాలగిన్నె వంక చూస్తే ఒట్టు! ఆవుపాలన్నీ రామకృష్ణుడి ఇంట్లోవాళ్ళే తాగారు.

పిల్లి మూతి కాల్చటం మంచిపని కాదు సుమా! కాని ఒక్క సంగతి చెప్పాలి. పాలు లేకపోవటంవల్ల ఆ పిల్లికి వచ్చిన నష్టం ఏమీ లేదు. అది చిక్కిపోయిందంటే, పాలు తాగక కాదు, ఎలుకలను పట్టక!

ఎందుకో చూడండి. పాలలో లాక్టోస్ అనే పాలచక్కెర ఉంటుంది. ఈ చక్కెర ఉన్నదున్నట్టుగా ఒంటికి పట్టదు. చిన్నపేగులో ఉండే లాక్టేజ్ అనే ఎంజైము దాన్ని రెండుగా విరగగొట్టాలి. తల్లిపాలు తాగే వయసులో కూనలకు ఈ ఎంజైము తగినంత ఉంటుంది. పాలు మానిన తరువాత అది రానురాను తగ్గిపోతుంది. అందుచేత చాలా పెద్దపిల్లులకు పాలు సరిపడవు. విరగని చక్కెర పెద్దపేగులోకి పోయి నీటిని తనవైపు లాక్కుంటుంది. అక్కడి సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టి గాలి పుట్టిస్తాయి. పొట్ట ఉబ్బుతుంది. విరేచనాలు పట్టుకుంటాయి.

మరి కూనలకు ఎంజైము ఉంది గదా, బర్రెపాలు ఎందుకు పడలేదు? ఏ జంతువు పాలు ఆ జంతువు పిల్లకోసమే తయారవుతాయి. పిల్లిపాలలో మాంసకృత్తులు ఆవుపాలలో కన్న సుమారు రెట్టింపు ఉంటాయి. ఆవుపాలతో కూన ఆకలి తీరాలంటే ఎక్కువ పాలు తాగించాలి. అలా తాగిస్తే పాలచక్కెర మితిమీరిపోతుంది. బర్రెపాలలో ఆపైన వెన్నకూడా ఎక్కువ. మేకపాలలోనూ పాలచక్కెర తక్కువేమీ కాదు.

వనపర్తివైపు పిల్లలకు దీన్ని ఇంకా తేలికగా చెప్పవచ్చు. మీ ప్రాంతంలో 1959లో పూర్తి అయిన సరళాసాగర్ ప్రాజెక్టు ఉంది గదా? నీరు నిండుమట్టానికి రాగానే అక్కడి సైఫన్లు వాటంతట అవే పనిచేయటం మొదలుపెట్టి నీటిని బయటికి గుమ్మరిస్తాయి. గేటు ఎత్తటానికి మనిషి అక్కరలేదు. పేగుకూడా అంతే. నీరు ఎక్కువైతే ఎవరినీ అడగకుండా బయటికి తోసేస్తుంది. అయితే సరళాసాగర్‌కు వాగునీరు వచ్చి చేరుతుంది. కూన పేగులోకి నీరు ఎక్కడినుంచి వస్తుంది? దాని ఒంట్లోనుంచే! రెండువారాల కూన పావుకిలోకు అటూ ఇటూగా తూగుతుంది. అంత చిన్న చెరువు ఎండిపోవటానికి ఎంతసేపు? పెద్దపిల్లికి ఒకరోజు విరేచనాలయితే నీరసం. కూనకు అదే ప్రాణాపాయం.

పులి చుట్టం

మీ పక్కనే, నాగర్‌కర్నూలు జిల్లా నల్లమల అడవుల్లో అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఉంది. అక్కడి పులి జింకను తింటుంది. మీ కొట్టుగదిలో పిల్లి ఎలుకను తింటుంది. ఇద్దరూ ఒకే వంశంవాళ్ళు. ఇద్దరి పొట్టలూ మాంసానికి పుట్టినవే. గడ్డి తిని బతికే గొర్రెకు పేగు ఒంటి పొడుగుకు సుమారు ఇరవై అయిదు రెట్లు ఉంటుంది. పిల్లికి సుమారు నాలుగు రెట్లే! అన్నమూ, రొట్టే, పప్పూ నెమ్మదిగా అరిగించుకునేందుకు అందులో తావు చాలదు.

మరొక వింత వినండి. పిల్లికి తీపి తెలియదు. తీపిని గుర్తించటానికి కావలసిన జన్యువు పిల్లుల్లో చెడిపోయి ఉన్నదని 2005లో అమెరికాలోని మోనెల్ పరిశోధనాసంస్థ శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. మీ పిల్లి పాయసం గిన్నె నాకితే అది తీపికోసం కాదు, అందులోని వెన్నకోసం.

టారిన్ అనే పదార్థం పిల్లికి తప్పనిసరి. దాన్ని మనం మన ఒంట్లో తయారుచేసుకోగలం. పిల్లి తగినంత చేసుకోలేదు. అది మాంసంలోనూ చేపల్లోనూ ఉంటుంది, ధాన్యంలో ఉండదు. టారిన్ చాలకపోతే పిల్లి చూపు పోతుందని 1975లోనూ, గుండె బలహీనపడుతుందని 1987లోనూ బయటపడింది. పెరుగన్నంతోనే పెరిగే పల్లెపిల్లి గుడ్డిది కావటం లేదేమి అంటారా? అది మీ పెరుగన్నంతో బతకటం లేదు. మీరు నిద్రపోయిన తరువాత మూటల సందున దాని అసలు భోజనం జరుగుతుంది. పట్నంలో మూడో అంతస్తు ఇంట్లో తలుపులు వేసి పెంచే పిల్లికి ఎలుక ఎక్కడిది? దానికి మాంసమో, చేపో, పిల్లులకోసమే తయారుచేసిన ఆహారమో మనమే పెట్టాలి.

పెట్టేటప్పుడు మన కూరను పెట్టకూడదు. ఉల్లిపాయా, వెల్లుల్లీ పిల్లి రక్తంలోని ఎర్రకణాలను పగలగొడతాయి. ఉప్పూ కారమూ లేకుండా ఉడికించి, ముల్లూ ఎముకా తీసి పెట్టాలి. ఉడికిన కోడి ఎముక పెళుసై సూదిలా చీలుతుంది. అది గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది.

వాంతి ఎప్పుడు వింత కాదు?

పిల్లి ఎప్పుడో ఒకసారి వెంట్రుకల ఉండ కక్కితే భయపడనక్కరలేదు. దాని నాలుకమీద వెనక్కు వంగిన సన్నని ముళ్ళుంటాయి. వాటి చివరలు చిన్న దోసిళ్ళలా ఉండి, ఉమ్మిని బొచ్చు మొదళ్ళదాకా తీసుకుపోతాయని 2018లో జార్జియా టెక్ విశ్వవిద్యాలయంలో అలెక్సిస్ నోయెల్, డేవిడ్ హు చూపించారు. నాకినప్పుడు ఊడిన వెంట్రుకలు ఆ ముళ్ళకు చిక్కి కడుపులోకి పోతాయి. చాలాభాగం మలంలో పోతుంది. మిగిలింది ఉండకట్టి పైకి వస్తుంది. రోజూ దువ్వితే ఈ బాధ తగ్గుతుంది.

ఈ ముళ్ళవల్లే ఒక ప్రమాదంకూడా ఉంది. నోట్లో దారం పడితే పిల్లి దాన్ని ఉమ్మివేయలేదు. ముళ్ళు దాన్ని లోపలికే నెడతాయి. గాలిపటం దారం, పూలమాల దారం, సూదీదారం ఏదైనా సరే, పేగులను కుచ్చుపోసినట్టు ముడిచి కోసివేస్తుంది. నోటినుంచిగాని వెనకనుంచిగాని దారం కొస కనిపిస్తే లాగవద్దు! వెంటనే పశువైద్యుడి దగ్గరకు తీసుకుపోండి. సంక్రాంతి మర్నాడు పెరట్లోని దారాలన్నీ ఏరివేయటం మీ పని.

పురుగులూ, మాయరోగమూ

కూనలకు విరేచనాలు పాలవల్లనే రావు. ఏలికపాములు తల్లిపాల ద్వారానే కూన కడుపులోకి చేరగలవు. అలాంటి కూనకు పొట్ట కుండలా ఉంటుంది, వెన్ను మాత్రం గరుకుగా తగులుతుంది. మరొక పురుగు బద్దెపురుగు. పిల్లి తోకకింద బియ్యపుగింజల్లాంటివి అంటుకుని కనిపిస్తే అది దాని గుర్తు. పిల్లి ఒంటిమీద గోమార్లను కొరికి మింగటంవల్ల అది కడుపులోకి వస్తుంది. ఈ పురుగులకు మంచి మందులున్నాయి. కూనకు మూడువారాల వయసునుంచే ఏలికపాముల మందు ఇవ్వవచ్చు. కాని తూకం చూసి, మోతాదు వైద్యుడే చెప్పాలి.

అన్నిటికన్న భయంకరమైనది పాన్‌ల్యూకోపీనియా అనే వైరస్ వ్యాధి. ఇది పట్టిన కూన తిండి మానుతుంది, వాంతులు చేసుకుంటుంది, నీళ్ళగిన్నె దగ్గరే తల వాల్చి కూర్చుంటుంది కాని తాగలేదు. ఒకటి రెండు రోజుల్లోనే చనిపోవచ్చు. 1978లో ప్రపంచమంతటా కుక్కలను చంపటం మొదలుపెట్టిన పార్వో వైరస్ దీనికి దగ్గరి చుట్టమే. ఇది మనుషులకు అంటదు. కాని నేలమీదా, గోనెలమీదా ఒక సంవత్సరందాకా బతికి ఉండగలదు. మామూలు సబ్బుకు చావదు, బ్లీచింగు నీళ్ళతో కడగాలి. దీనికి టీకా ఉంది. ఆరునుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకొకసారి, నాలుగు నెలలు నిండేదాకా వేయించాలి. పిచ్చికుక్క వ్యాధి టీకాకూడా పిల్లికి మూడు నెలలప్పుడు వేయిస్తారు.

చేయకూడని పనులు

ఇవి పెద్దలుకూడా చదవాలి.

ఒకటి: మన మాత్రలు పిల్లికి వేయకూడదు. జ్వరానికి మనం వేసుకునే పారాసిటమాల్ మాత్ర ఒక్కటి చాలు, పెద్దపిల్లినికూడా చంపటానికి. ఆ మందును విరిచి బయటికి పంపే ఏర్పాటు పిల్లి కాలేయంలో సరిగా లేదు. నాయన వద్దనటంవల్ల మిగిలిన రెండు కూనలూ ఎంత పెద్ద గండం తప్పించుకున్నాయో చెల్లాయికి ఇప్పుడు తెలిసి ఉంటుంది.

రెండు: "లంఖణం పరమౌషధం" అన్నమాట పిల్లికి చెల్లదు. పిల్లి, ముఖ్యంగా బొద్దుపిల్లి, రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణంమీదికి వస్తుంది. కూనను ఒక్కపూటకూడా పస్తుంచకూడదు.

మూడు: మగపిల్లి మాటిమాటికీ కూర్చుని ముక్కుతూ, ఏమీ రాక బాధపడుతుంటే అది మలబద్ధం అనుకుని ఆముదం పట్టవద్దు. చాలాసార్లు మూసుకుపోయింది మూత్రనాళం. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. ఆ గంటలోనే బయలుదేరాలి.

నాలుగు: ఎలుకలమందు పెట్టిన ఇంట్లో, ఆ మందు తిని చచ్చిన ఎలుకను పిల్లి తినకుండా చూడాలి.

మరి ఏం చేయాలి?

పెద్దపిల్లికి ఒకటి రెండుసార్లు విరేచనమై, అది హుషారుగానే తిరుగుతుంటే, పాలు మాన్పించి, మంచినీళ్ళు పెట్టి, ఉడికించిన చప్పటి కోడిమాంసం కొద్దికొద్దిగా పెట్టి ఒకరోజు చూడవచ్చు. రక్తం పడినా, వాంతులు ఆగకపోయినా, తల వాల్చినా ఆగకూడదు. మెడమీది చర్మాన్ని మెల్లగా పట్టి వదిలినప్పుడు వెంటనే సర్దుకోక మడత నిలిచిపోతే, ఒంట్లో నీరు తగ్గిందన్నమాట. కూన అయితే ఇవేవీ చూస్తూ కూర్చోకుండా ఆనాడే తీసుకుపోవాలి. పశువైద్యశాల ఎద్దులకూ బర్రెలకూ మాత్రమే అనుకోకండి. పిల్లిని తీసుకుపోవటానికి సిగ్గుపడనక్కరలేదు.

పోయేటప్పుడు ఒక చిన్న కాగితంమీద ఇవి రాసుకుపోండి: కూన వయసు, తూకం, ఏం తిన్నది, విరేచనం ఎన్నిసార్లు, ఏ రంగు, వాంతిలో ఏమున్నది, నీళ్ళు తాగుతున్నదా. పిల్లి తన బాధ చెప్పుకోలేదు. దాని తరఫున మీ కాగితమే మాట్లాడుతుంది.

తల్లి లేని కూన దొరికితే? ముందు నిజంగా తల్లి లేదేమో చూడాలి. పిల్లి తన కూనలను ఏడిళ్ళు తిప్పుతుందని మన పెద్దలు ఊరికే అనలేదు. అది వేటకు పోయి ఉండవచ్చు, కొత్తచోటు వెతుకుతూ ఉండవచ్చు. కూనలు ఎండలోనో, కుక్కల దారిలోనో లేకపోతే, దూరంగా నిలబడి కొన్ని గంటలు కనిపెట్టి చూడండి. తల్లి రాకపోతే, ముందు వెచ్చదనం, తరువాతే ఆహారం. ఒళ్ళు చల్లబడిన కూనకు తిండి అరగదు. గోరువెచ్చని నీళ్ళసీసాకు గుడ్డచుట్టి పక్కన పెట్టాలి. పిల్లికూనలకోసం ప్రత్యేకంగా తయారైన పాలపొడి పట్నాల్లో దొరుకుతుంది. అది దొరికేదాకా ఏం పట్టాలో పశువైద్యుడు చెపుతాడు. పట్టేటప్పుడు కూనను పసిబిడ్డలా వెల్లకిల పడుకోబెట్టకూడదు. అలా చేస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. బోర్లా ఉంచి, చిన్నసీసాతో మెల్లగా పట్టాలి. మూడువారాల లోపు కూన తనంతట తాను మలమూత్రాలు విడవలేదు. తల్లి నాకి విడిపిస్తుంది. తల్లి లేనప్పుడు తడి దూదితో మనమే మెల్లగా తుడవాలి. నాలుగువారాలు దాటాక మెత్తగా చిదిమిన మాంసం నేర్పవచ్చు.

ఇవన్నీ చేసిన తరువాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పిల్లి మలంలోని కొన్ని పురుగులూ సూక్ష్మజీవులూ మనకూ అంటుతాయి. పిల్లి గీరినా, కరిచినా దాచిపెట్టవద్దు. సబ్బునీళ్ళతో పావుగంటసేపు కడిగి, ఇంట్లో చెప్పి, ఆసుపత్రికి పోవాలి.

చెల్లాయికి జవాబు

అమ్మా చెల్లాయీ! నీ ప్రశ్న మరిచిపోలేదు. ఆ కూన ఎందుచేత చచ్చిపోయిందో ఇక్కడ కూర్చుని ఎవరూ చెప్పలేరు. మూడింటిలో అదే చిన్నది. పుట్టుకతోనే బలహీనమై ఉండవచ్చు, కడుపులో పురుగులుండవచ్చు, తల్లి వెచ్చదనం లేక ఒళ్ళు చల్లబడి ఉండవచ్చు. బర్రెపాలు దానికి మేలు చేయలేదన్నది మాత్రం నిజం. నీతో అబద్ధం చెప్పను. కాని నువ్వు దాన్ని చంపలేదు. ఆకలితో అరుస్తున్నదాన్ని చూసి, నీకు తెలిసిన ఆహారం పెట్టావు. నీకేకాదు, మీ ఇంట్లో పెద్దలకూ, మన కథలకూ, సామెతలకూ తెలిసింది అదే. జాలి ఉన్నది, తెలివిడి చాలలేదు. జాలిని ఎవరూ నేర్పలేరు. అది నీకు ముందే ఉంది. తెలివిడి ఈ నాలుగు పేజీల్లో దొరికింది.

ఎదురింటి గోడమీద ఆడే ఆ రెండింటినీ ఒకసారి పశువైద్యశాలకు తీసుకుపోయి టీకా వేయించు. పెద్దలను తోడు తీసుకుపో. కొట్టుగది మూలన ఒక మట్టిమూకుడులో రోజూ మంచినీళ్ళు మార్చిపోయి. పాలగిన్నె అక్కరలేదు. వచ్చే ఏడు ఆ మూటల సందున మళ్ళీ అరుపులు వినిపిస్తే, ఈసారి ముందు గడపలో కూర్చుని తల్లికోసం ఎదురుచూడు. తరువాత ఏమైందో మాకు రాయటం మరిచిపోకు.